పావంగుళం పోటీ

ఆ సోమవారం పొద్దున యోహాను తన డైరీలో రాసుకున్న పనులు ఇవి:

ఒకటి, గడియారాల షాపుకు పోయి చావి స్ప్రింగు తేవాలి. గట్టిది.

రెండు, పట్టాల వంపు ముక్కలు పన్నెండూ నేల మీద పరిచి, గుండ్రంగా కలుస్తున్నాయో లేదో చూడాలి.

మూడు, ఎర్ర రంగు డబ్బా అడుగంటింది. అన్నకు చెప్పాలి.

నాలుగు, ఆళ్ళగడ్డ వాళ్ళ బండి సంగతి శాంతమ్మను అడగకూడదు. ఇది సాల్మన్ రాజు అన్న ఆర్డరు.

ఐదు, ఆళ్ళగడ్డ వాళ్ళ బండి కొలత ఎంతో బుధవారంలోగా తెలుసుకోవాలి. ఇదీ సాల్మన్ రాజు అన్న ఆర్డరే.

ఆరు, శనివారం కల్పన మేడమ్‌కు మిషన్ బడిలో కుర్చీ చూడాలి. చేతులున్న కుర్చీ.

నాలుగూ ఐదూ పక్కపక్కన ఎట్లా ఉంటాయో అతడు రెండుసార్లు చదివి చూసుకున్నాడు. ఏదీ కొట్టెయ్యలేదు. వాళ్ళ ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి యోహాను. పెద్దవాళ్ళు చెప్పిన పనిని కొట్టెయ్యడం అతనికి చేతకాదు.

నంద్యాల స్టేషను వెనక రోడ్డులో, యోహాను పనిచేసే సాల్మన్ రాజు కొయ్యబొమ్మల కార్ఖానా ఉండేది. సాల్మన్ రాజు ఒకప్పుడు రైలుపెట్టెలకు చెక్క బెంచీలు బిగించిన వడ్రంగి. చావి తిప్పితే పరిగెత్తే కొయ్య ఇంజను, వెనక మూడు పెట్టెలు, అవి తిరగడానికి గుండ్రటి కొయ్య పట్టాలు, ఇదీ అతని సరుకు. ఆళ్ళగడ్డలో నారాయణాచారి కూడా అచ్చంగా ఇదే సరుకు చేసేవాడు. ఇద్దరి పట్టాల వెడల్పూ రెండంగుళాలే. తిరునాళ్ళలో ఒకరి దగ్గర బండి, ఇంకొకరి దగ్గర పట్టాలు కొన్నా పిల్లలకు ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

తొంభైల్లో ఊరికి పెద్ద లైను వచ్చింది. మీటరు గేజి పీకేసి బ్రాడ్ గేజి వేశారు. స్టేషనుకు పోయి పెద్ద బండి చూసొచ్చిన పిల్లలు అంగట్లో కొయ్యబండిని చూసి, "ఇది పాత బండి గదా" అని పెదవి విరిచారు. రెండు కార్ఖానాల్లోనూ రెండంగుళాల బండ్లు అటకెక్కాయి.

అప్పుడు వచ్చింది హైదరాబాదు నుంచి కల్పన ఉత్తరం. బడులకు ఆటవస్తువులు సరఫరా చేసే కంపెనీ ఆమెది. పెద్ద లైను పోలికలో కొత్త కొలత బండి కావాలనీ, శనివారం నంద్యాల మిషన్ బడి హాల్లో ఇద్దరి సరుకూ చూస్తాననీ, ఒక్క కొలతనే ఖాయం చేసి ఆర్డరంతా దానికే ఇస్తాననీ రాసింది. బండి పడిపోకుండా పట్టాల మీద మూడు చుట్లు తిరగాలి. అదొక్కటే షరతు. ఆ ఉత్తరం కార్బన్ కాపీ ఆళ్ళగడ్డకు పోయింది.

"ఆర్డరు వచ్చిందా, బండ్లు చేస్తాం. రాలేదా, తలుపులు చేస్తాం," అని సాల్మన్ రాజు ముందే తేల్చి చెప్పాడు. కొత్తగా కడుతున్న కల్యాణ మండపం వాళ్ళు తలుపులూ కిటికీలూ చేసిమ్మని వెంటపడుతున్నారు. శనివారం సాయంత్రం ఏదో ఒకటి చెప్తానని వాళ్ళకు మాటిచ్చేశాడు.

తలుపుల మాట వింటే దిగులుపడే మనిషి ఆ కార్ఖానాలో ఒకరే ఉన్నారు. శాంతమ్మ. ఆమె పని చక్రాలకు ఎర్ర రంగు పూయడం. తలుపులకు చక్రాలుండవు.

శాంతమ్మది నంద్యాలకూ ఆళ్ళగడ్డకూ నడిమి శిరివెళ్ళ. సోమ, మంగళ, బుధవారాలు నంద్యాలలో పని. గురు, శుక్ర, శనివారాలు ఆళ్ళగడ్డలో పని. ఎందుకంటే ఆ రంగు రెండు పూతలూ ఆరడానికి మూడు రోజులు పడుతుంది. ఇక్కడ పూసింది ఆరేలోపు అక్కడ పూసేది. ఇరుసుకు రెండు వైపులా బిగించిన చక్రాలకు కార్ఖానాలో ఒక పూత వేసి, రెండో పూతకు ఇంటికి పట్టుకుపోయి, తన అరుగు మీద దండెం కట్టి ఆరబెట్టేది. ఒక్క విసురులో చక్రం అంచు చుట్టూ కుంచె తిప్పేది. రంగు లోపలి ఆకుల్లోకి చెదిరేది కాదు. ఆ పని రెండు కార్ఖానాల్లోనూ ఇంకొకరికి చేతనయ్యేది కాదు.

ఆ సోమవారం ఆమె ఆళ్ళగడ్డ బస్సు దిగి, వైరు బుట్ట చంకన పెట్టుకుని వచ్చేసరికి యోహాను పట్టాల ముక్కల మధ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"ఏం శాంతమ్మత్తా, ఎవురు గెలుస్తారంటావు?" అన్నాడు.

"ఎవురు గెలిస్తే నాకేంది నాయనా? ఒకరు గెలిస్తే ఇంగొకరు మూసుకుంటారు. నా ఆరు దినాల పని మూడు దినాలైతాది."

"మేం గెలిస్తే ఆరు దినాలూ ఈడనే చేద్దువులే."

"మూడు దినాలు పూస్తా. ఇంగ మూడు దినాలు అది ఆరేది చూస్తా కూర్చోవల్లనా? చూసేదానికి కూలిస్తాడా మీ అన్న?"

ఆమె కూతురు ఆ ఏడే ఇంటర్‌లో చేరిందని అతనికి తెలుసు. నంద్యాల మూడు రోజులు ఇంటి ఖర్చుకు, ఆళ్ళగడ్డ మూడు రోజులు పిల్ల చదువుకు అని ఆమె చాలాసార్లు చెప్పింది.

"సరేగానీ, ఆళ్ళగడ్డోళ్ళు ఎంత వెడల్పు..." అని అతడు నోరు జారేలోపు, లోపల్నుంచి రంపం ఆగింది.

"యోహానూ!" అని సాల్మన్ రాజు కేక వినిపించింది.

శాంతమ్మ నవ్వింది. "ఆడి మాట ఈడ చెప్పను, ఈడి మాట ఆడ చెప్పను. అందుకే గదా రెండు తావులా నన్ను రానిస్తాండారు. దప్పికైతాంది, నీళ్ళు తాగొస్తా ఉండు," అని బుట్టను బెంచీ మీద పెట్టి బయటికి పోయింది.

నీళ్ళ కుండ గేటు దగ్గరే ఉంది. పది అడుగులు. ఆమె అరగంటైనా రాలేదు.

బుట్ట మూత తీసే ఉంది. పాత పేపరు చుట్ట పక్కకు ఒరిగి, అందులోంచి ఎర్ర చక్రాలు రెండు తొంగి చూస్తున్నాయి. ఆళ్ళగడ్డ ఇరుసు! యోహాను డైరీ తీశాడు. నాలుగో నంబరు మళ్ళీ చదివాడు. అడగకూడదని ఉంది. చూడకూడదని లేదు. జేబులోంచి స్కేలు తీసి చక్రం నుంచి చక్రానికి పెట్టి చూశాడు.

మూడున్నర అంగుళాలు.

ఒక్క పరుగున లోపలికి పోయాడు. "అన్నా! వాళ్ళది మూడున్నర! మనది మూడుంబావు!"

సాల్మన్ రాజు రంపం కింద పెట్టాడు. "మూడున్నర యాడినించి వచ్చిందిరా? నిజం లైను లెక్క ప్రకారం, మీటరు గేజికి రెండంగుళాలైతే పెద్ద లైనుకు మూడుంబావు, ఆపైన రవ్వంత. రవ్వంత వదిలేసినాం. మూడున్నర ఏ లెక్క?"

"ఆచారి పట్టాలనించి లెక్క పెట్టడన్నా. డ్రైవరు ముఖం నించి పెడతాడు."

అది నిజమే. నారాయణాచారిది రాతి విగ్రహాలు చెక్కే ఇల్లు. అన్నలిద్దరూ ఇప్పటికీ ఆళ్ళగడ్డ రోడ్డు పక్కన ఉలీ సుత్తీ పట్టుకుని కూర్చునేవాళ్ళే. విగ్రహానికి ముఖమే కొలత. ముఖానికి ఇన్ని రెట్లు ఒళ్ళు, ఇన్ని రెట్లు పీఠం. నారాయణాచారి రాయి వదిలి కొయ్య పట్టాడు గానీ ఆ పద్ధతి వదల్లేదు. ముందు డ్రైవరు ముఖం చెక్కుతాడు. ముఖానికి ఇన్ని రెట్లు ఇంజను, ఇన్ని రెట్లు పెట్టె. చక్రాలు ఎక్కడికి వస్తే అక్కడ పట్టాలు.

"అంటే ఈసారి ముఖం బాగా వచ్చిందన్నమాట," అన్నాడు సాల్మన్ రాజు దిగులుగా. "ఆ మేడమ్‌కు పెద్దదే నచ్చితే? పట్టాలు మళ్ళీ వంచుదామంటే పన్నెండు ముక్కలు. వారం పడుతుంది. అయిపాయ. తలుపులే."

అప్పుడు యోహానుకు డిగ్రీ కాలేజీ గుర్తొచ్చింది. కామర్స్ లెక్చరరు చెప్పి రాయించిన నోట్సు, మూడో యూనిట్, పోటీ వ్యాపారం. "పోటీదారుడు వేసిన దారిలోనే నీ సరుకు నడిపించు" అన్న వాక్యం కింద అతడు ఎర్ర ఇంకుతో రెండు గీతలు గీసుకున్నాడు. మూడేళ్ళ చదువులో ఒక వాక్యం పనికొచ్చే రోజు వచ్చింది.

"పట్టాలు ముట్టుకోవద్దన్నా. బండికి ఇరుసులు మారుద్దాం. మూడున్నర చేద్దాం. మన బండిని వాళ్ళ పట్టాల మీద నడిపిద్దాం! మన బండి వాళ్ళ పట్టాల మీద మూడు చుట్లు తిరిగితే, ఇంగ వాళ్ళకేం మిగిలింది?"

"ఆయమ్మ ఒప్పుకుంటాదా?"

యోహాను ఉత్తరం తెచ్చి చూపించాడు. "పట్టాల మీద మూడు చుట్లు అని రాసింది. ఎవరి పట్టాలని రాయలేదు."

"మరి మన పట్టాలో?"

"చూపించనీకి."

"మన బండే నడవని పట్టాలు, చూపించనీకా?"

"నడవవని ఆమెకెట్ల తెలుస్తాదన్నా?"

సాల్మన్ రాజు చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "చదువుకున్నోనివి చెప్తాండావు గాబట్టి వింటాండా," అన్నాడు.

మంగళవారం కొత్త ఇరుసులు తయారయ్యాయి. శాంతమ్మ వాటిని చూసింది, పాతవాటిని చూసింది, కుంచె తీసుకుని రంగు పూసింది. బుధవారం సాయంత్రం పోతూ పోతూ రంపం పొట్టులో పడి ఉన్న పాత ఇరుసుల దగ్గర ఆగింది.

"ఇవేం చేస్తావు నాయనా?"

"పొయ్యిలోకి పోతాయత్తా."

"రంగు ఆరిన చక్రాలు పొయ్యిలోకా? నా చేత్తో పూసినా గదప్పా. నాకియ్యి."

యోహాను బుర్రలో ఒక్కసారిగా ఆలోచన వెలిగింది. రేపు ఆళ్ళగడ్డలో ఎవరైనా బుట్టలోకి తొంగి చూస్తే మూడుంబావు ఇరుసులు కనబడతాయి. నంద్యాల వాళ్ళు ఇంకా పాత కొలతలోనే ఉన్నారనుకుంటారు. అతడు తానే వంగి, ఏరి, దుమ్ము దులిపి, బాగా కనపడేటట్టు బుట్టలో పైన పెట్టి ఇచ్చాడు.

మరునాడు ఆళ్ళగడ్డలో శాంతమ్మకు మళ్ళీ దప్పికైంది.

అక్కడ బుట్టలోకి తొంగి చూసిన మనిషి నారాయణాచారి కూతురు వెన్నెల. ఆ ఇంట్లో ఉలి బదులు పెన్ను పట్టిన మొదటి పిల్ల. తండ్రి కార్ఖానాకు ఉత్తరాలు రాసేదీ, బేరాలు చూసేదీ ఆమే. నంద్యాల డిగ్రీ కాలేజీలో యోహాను కూర్చున్న బెంచీకి వెనక బెంచీ ఆమెది. అదే లెక్చరరు, అదే నోట్సు, అదే మూడో యూనిట్. ఆ వాక్యం కింద ఆమె గీసుకున్న గీతలు మాత్రం ఆకుపచ్చవి.

"నాయనా, వాళ్ళది మూడుంబావే!" అంది స్కేలు ఊపుతూ. "మన బండికి ఇరుసులు మారిస్తే వాళ్ళ పట్టాల మీద మనమే నడుస్తాం. వాళ్ళ కత అయిపోయినట్లే!"

"డ్రైవరును చెక్కి సన్నం చేయమంటావా?" అన్నాడు నారాయణాచారి, బొమ్మను ఎదకు హత్తుకుని.

"డ్రైవరును ముట్టుకోవద్దు. కింద చక్రాలు దగ్గరికి జరుపు, చాలు."

"ముఖం అట్లే ఉంచి కాళ్ళు కుదించేదా? యా శాస్త్రంలో ఉందే అది?"

"శనివారం మనం ఓడిపోతే పెద్దనాయన వాళ్ళ కాడికే పోయి రాళ్ళు కొట్టల్ల. 'మేం అప్పుడే చెప్పినాం గదరా' అంటారు. దినామూ అంటారు."

నారాయణాచారి రోడ్డు వైపు చూశాడు. పెద్దన్న ఉలి ఆపి, ఇటే చూస్తున్నాడు. "ఇరుసులు ఎన్ని కావాలమ్మా?" అన్నాడు నారాయణాచారి. శాంతమ్మ నీళ్ళు తాగి వచ్చి, కుంచె పట్టుకుని, వాటికీ రంగు ఒక పూత పూసింది.

శనివారం వచ్చింది. మిషన్ బడి హాల్లో రెండు పెద్ద బల్లలు వేశారు. కిటికీలన్నిటికీ పిల్లలు వేలాడుతున్నారు. కల్పన వచ్చి, చేతులున్న కుర్చీలో కూర్చుని, గడియారం చూసుకుంది. శనివారం కాబట్టి శాంతమ్మ లెక్క ప్రకారం ఆళ్ళగడ్డ మనిషి. వాళ్ళతోపాటే బస్సు దిగింది. కానీ ఇటూ అటూ కాకుండా నడిమి గోడకు ఆనుకుని కూర్చుంది.

నారాయణాచారి ముందుగా బొమ్మలు విప్పి పెట్టాడు. ముక్కు కొనదేలిన డ్రైవరు. బుగ్గలున్న ప్రయాణికులు. పక్కన జెండా పట్టుకున్న స్టేషను మాస్టరు, ఇంజను కంటే బెత్తెడు ఎత్తు.

"ఈయన ఇంజను కంటే పొడుగున్నారేంటండీ?" అంది కల్పన.

"ఆయప్ప జెండా ఊపంది బండి కదలదు గదమ్మా. మూలవిరాట్టు ఎప్పుడూ పెద్దగుండల్ల. చుట్టూ ఉన్నోళ్ళు చిన్నగుండల్ల," అన్నాడు ఆచారి, అంత చిన్న సంగతి తెలియనందుకు జాలిపడుతూ. కిటికీల్లో పిల్లలు "స్టేషను మాస్టరూ!" అని అరిచారు.

"బాగుంది. మొదలుపెడదాం. ముందు ఎవరు పట్టాలు పరుస్తారు?"

రెండు వైపులా అందరూ ఒక్కసారి లేచారు.

"ఆళ్ళగడ్డ వాళ్ళనే పరచమనండి మేడమ్," అన్నాడు యోహాను. "దూరం నుంచి వచ్చినారు."

"అబ్బే, ఊరు మీది," అంది వెన్నెల. "మీ పట్టాలే ముందు పరచండి."

"మీ పట్టాలు శానా బాగుంటాయని విన్నాం ఆచారీ," అన్నాడు సాల్మన్ రాజు, జన్మలో ఆ మాట అనని మనిషి.

"రాజన్నా, పట్టాలంటే మీవే. రైల్వేలో పనిచేసిన చెయ్యి గదా! నీ పట్టాల ముందర నావి యాడ?"

"మా బండిని మీ పట్టాల మీద నడిపిస్తే మాకు గౌరవం."

"అయ్యో, మా బండిని మీ పట్టాల మీద నడిపిస్తే మాకింకా గౌరవం!"

కల్పన ఇటు చూసింది, అటు చూసింది. "నేను చాలా ఊళ్ళు తిరిగాను. పోటీ పడేవాళ్ళు ఇంత మర్యాదగా ఉండడం ఎక్కడా చూడలేదు," అంది. ఆ మాటకు నలుగురూ వంగి దండం పెట్టారు. ఎవరూ పట్టాలు మాత్రం పరచలేదు. అయిదు నిమిషాలు అట్లాగే గడిచింది.

చివరికి ఆమె లేచి నిలబడింది. "ఎవరి పట్టాలు వాళ్ళ బల్ల మీద పరచండి. ఎవరి బండి వాళ్ళ పట్టాల మీదే నడపండి. నంద్యాల వాళ్ళు, ముందు మీరే."

యోహాను ఒక అడుగు ముందుకు వేశాడు. "మేడమ్, ఉత్తరంలో ఎవరి పట్టాలని..."

"పరచండి."

పరిచారు. పన్నెండు ముక్కలూ వెంట్రుకవాసి తేడా లేకుండా గుండ్రంగా కలిశాయి. సాల్మన్ రాజు చావి బిగించి, కళ్ళు మూసుకుని, ప్రభువును తలుచుకుని బండిని పట్టాల మీద వదిలాడు. చక్రాలు పట్టాలకు బయటి పక్కన వేలాడాయి. బండి కడుపు పట్టాల మీద ఆనుకుంది. ఇంజను ఎర్ర చక్రాలు గాల్లో గిరగిరా తిరిగాయి. బండి ఉన్నచోటే గుర్రుమంది, గుర్రుమంది, ఆగిపోయింది.

ఆళ్ళగడ్డ బల్ల దగ్గర నవ్వు లేవబోయి, సగంలో ఆగింది. నవ్వబోయింది నారాయణాచారి. ఆపింది వెన్నెల. ఆమె కళ్ళు ఆ చక్రాల వెడల్పు మీదే ఉన్నాయి.

"ఇప్పుడు మీరు," అంది కల్పన.

నారాయణాచారి తన బండిని తన పట్టాల మీద పెట్టాడు. పెట్టిన మరుక్షణం బండి పట్టాల నడుమకు దిగి, చెరువులోకి దిగిన ఎనుము మాదిరి హాయిగా కూర్చుంది. డ్రైవరు తల ఒక్కసారి ముందుకు ఊగింది.

యోహాను, వెన్నెల ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నీకెవురు చెప్పినారు?" అన్నాడు యోహాను, చిన్నగా.

"సారు నోట్సు. మూడో యూనిట్."

"రెండో పేజీ?"

"రెండో పేజీ. పైనుంచి నాలుగో లైను."

కల్పన సంచి సర్దుకుంది. "మీ మర్యాద బాగుందండీ. కానీ సొంత పట్టాల మీద నడవని బండ్లు నేను బడులకు పంపలేను." సాల్మన్ రాజు తల వంచుకున్నాడు. అతని కళ్ళ ముందు కల్యాణ మండపం తలుపులు వరసగా నిలబడ్డాయి. నారాయణాచారి చెవుల్లో అన్నల సుత్తి దెబ్బలు మోగాయి.

అప్పుడు గోడ దగ్గర్నుంచి శాంతమ్మ లేచింది. ఎవరినీ అడగలేదు. నంద్యాల బండిని రెండు చేతులా ఎత్తి ఆళ్ళగడ్డ పట్టాల మీద పెట్టింది. ఆళ్ళగడ్డ బండిని తెచ్చి నంద్యాల పట్టాల మీద పెట్టింది. రెండిటికీ చావి తిప్పింది.

రెండు బండ్లూ కదిలాయి!

పిల్లలు ఒక్క పెట్టున కేకలు వేశారు. నంద్యాల బండి ఆళ్ళగడ్డ పట్టాల మీద ఒక చుట్టు, రెండు చుట్లు, మూడు చుట్లు! గడియారాల షాపులో తెచ్చిన గట్టి స్ప్రింగు అది. నాలుగు, అయిదు! "ఆరూ! ఏడూ!" అని హాలంతా లెక్కపెట్టింది. సాల్మన్ రాజు తెలియకుండానే నారాయణాచారి భుజం పట్టుకుని ఊపేస్తున్నాడు. ఏడో చుట్టు పూర్తయ్యాక బండి మెల్లగా, నిజం బండి స్టేషనులోకి వచ్చినట్టు, వచ్చి ఆగింది.

ఆళ్ళగడ్డ బండి రెండు చుట్లు బాగానే తిరిగింది. మూడో చుట్టు వంపులో, కుదించిన చక్రాల మీద ఆ గొప్ప ముఖం బరువు ఆగలేదు. డ్రైవరు ఒరిగాడు. డ్రైవరుతో పాటు బండి ఒరిగింది.

"చెప్పిన్నా? కాళ్ళు కుదించొద్దని చెప్పిన్నా?" అన్నాడు నారాయణాచారి కూతురితో.

"ఈ సంగతి నీకు ముందే తెలుసా శాంతమ్మా?" అన్నాడు సాల్మన్ రాజు, కళ్ళు పెద్దవి చేసుకుని. "రెండు తావులా చక్రాలు పూసింది నువ్వే గదా! ఒక్క మాట చెప్పకూడదా?"

"ఆడి మాట ఈడ చెప్పొద్దని ఆర్డరేసింది ఎవురు రాజన్నా? ఆయప్పా వేసినాడు, నువ్వూ వేసినావు."

కల్పన మళ్ళీ కుర్చీలో కూర్చుంది. సంచిలోంచి తన ఉత్తరం నకలు తీసి చదువుకుంది. పెదాల మీద నవ్వు ఆగడం లేదు. "ఏమన్నావు బాబూ, ఎవరి పట్టాలో రాయలేదనా? నిజమే, రాయలేదు. మూడు చుట్లు తిరిగింది మూడున్నర అంగుళాల బండి. అదే ఖాయం. బండి నంద్యాలది, పట్టాలు ఆళ్ళగడ్డవి. ఆర్డరు ఇద్దరికీ కలిపి. ఇద్దరూ కలిసి చేస్తేనే."

"ఆయప్ప పట్టాల మీద నా బండా! ఎప్పటికీనా?" అన్నాడు సాల్మన్ రాజు.

"నా పట్టాల మీద ఆయప్ప బండా!" అన్నాడు నారాయణాచారి.

"స్టేషను మాస్టరు కూడా కావాలి!" అని కిటికీలు అరిచాయి.

"ఆయనా కావాలి, ఇదే ఎత్తులో," అంది కల్పన రాసుకుంటూ. "ఆయన జెండా ఎరుపూ, చక్రాల ఎరుపూ ఒక్కలాగే ఉండాలి. రెండు ఊళ్ళలోనూ ఒకే చెయ్యి పూయాలి. ఆ చెయ్యి ఎవరిదో ఇప్పుడే చూశాను."

శాంతమ్మ చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. మూడు దినాలు చక్రాలు, మూడు దినాలు జెండాలు. ఆరు దినాలు ఆరు దినాలుగానే నిలబడ్డాయి.

ఆ సాయంత్రం సాల్మన్ రాజు కల్యాణ మండపం వాళ్ళకు తలుపులు కుదరవని కబురు పంపాడు. యోహాను శాంతమ్మను బస్టాండు దాకా సాగనంపాడు. బుట్ట తానే మోశాడు. ఆళ్ళగడ్డ బస్సు కోసం నిలబడినప్పుడు, వారమంతా తోచని ప్రశ్న అతనికి అప్పుడు తోచింది.

"అత్తా, నీ అరుగు మీద ఆరాల్సిన ఆళ్ళగడ్డ ఇరుసులు, సోమవారం నంద్యాలకెందుకు వచ్చినాయి?"

శాంతమ్మ బస్సు వచ్చే దిక్కే చూస్తోంది.

"నీళ్ళు తాగనీకి అరగంట ఎందుకు పట్టింది?"

"చూడు నాయనా," అంది ఆమె. "రెండూ ఒకటే కొలతైతే ఆ మేడమ్ ఇద్దరికీ ఇస్తాదనుకున్యా. ఒకరు చూసి మారుస్తారు, ఇంగొకరు ఉన్నచోటే ఉంటారు, సరిపోతాది అనుకున్యా. మీరు పాత కొలతలోనే ఉండారనుకుంటే ఆళ్ళు మార్చరని ఆడ మీ పాత ఇరుసులు కనపడనిచ్చినా. ఆళ్ళూ మార్చేది చూసినాక బాగా తేలిపోయింది నాకు. ఈడ నువ్వు, ఆడ ఆ పాప, ఇద్దరూ చదువుకున్నోళ్ళని మర్చిపోయినా."

"మరి శుక్రవారమైనా చెప్పొచ్చు గదా!"

"నేను మాట తప్పే మనిషినా?" అంది శాంతమ్మ, నిజంగానే నొచ్చుకుని. బస్సు వచ్చింది. ఆమె బుట్ట అందుకుని ఎక్కింది.

ఆ మూడున్నర అంగుళాల బండి తర్వాత చాలా ఊళ్ళ బడులకు పోయింది. మీ ఊరి బడిలోనో, మీ ఇంటి అటక మీదో ఎర్ర చక్రాల కొయ్యబండి కనబడితే, ఇంజను కంటే పొడుగైన స్టేషను మాస్టరు పక్కన ఉంటే, ఆ చక్రం అంచు ఒకసారి వేలితో తడిమి చూడండి. రంగు ఎక్కడా చెదిరి ఉండదు. బండి పేరు నంద్యాలదనీ పట్టాల పేరు ఆళ్ళగడ్డదనీ చెప్పడానికి మనుషులున్నారు. మీరు శాంతమ్మను గుర్తు పెట్టుకోండి. ఆ ఆర్డరు వచ్చిన నాటి నుంచి ఆమెకు నీళ్ళు తాగడానికి రెండు నిమిషాలకు మించి పట్టలేదు.